బజ్జీల మీద కట్టడి

ఈశ్వర్ సంచి గోడమేకుకి వేలాడుతోంది. అందులో రెండు లుంగీలు, ఒక దుప్పటి, గుజరాత్‌లోని వేరావల్‌కి రైలు టికెట్టు. అది కంటబడినప్పుడల్లా అనూరాధకి ఒళ్లు మండిపోతోంది.

పెళ్లయి మూడు నెలలు. ఏడాదిలో పది నెలలు గుజరాత్ బోట్ల మీద గడిపే బతుకు ఇక చాలనుకుని, పెళ్లికి ముందే ఈశ్వర్ ఊళ్లో టీ, బజ్జీల బడ్డీ పెట్టాడు. ఆ బడ్డీ అంటే ఆమెకి ఎంత ముచ్చటో! నీలం పూల గ్లాసులు శ్రీకాకుళం వెళ్లి తనే ఏరి తెచ్చింది. మొదటి వాయి దిగగానే ఈశ్వర్ ఒక బజ్జీ ఊది ఊది, ఎవరూ చూడకుండా ఆమె నోట్లో పెట్టేవాడు. నాలుక కాలేది. కాలినా నవ్వొచ్చేది.

ఇంతలో విదేశాల్లో కొనేవాళ్లు తగ్గారని కంపెనీవాళ్లు రొయ్య ధర తెగ్గోశారు. సముద్రం మీద వేటకెళ్లినవాళ్ల రాబడి సగానికి పడింది. ఊరి పెద్దలు కంగారుపడి రామమందిరం దగ్గర కూర్చుని కట్టడి వేశారు. పోతురాజు డప్పు కొట్టి చాటాడు.

"దసరా దాకా ఎవులూ టీ తాగకూడదు, బజ్జీ తినకూడదు, కొత్త జాకెట్టు కుట్టించకూడదు! తప్పితే అయిదొందలు జరిమానా!"

పెద్దల మాట కాదన్నవాడికి నడిసముద్రంలో తోడెవరు వస్తారు? ఊరంతా తలూపింది. మూడు వారాల్లో బడ్డీ చల్లారిపోయింది. ఆమెతో ఒక్క మాటైనా అనకుండా ఈశ్వర్ టికెట్టు కొనుక్కొచ్చాడు. బండి ఈ సాయంత్రమే, ఆమదాలవలసలో.

అనూరాధ కొంగు బిగించి రామమందిరానికి నడిచింది. పెద్దలంతా అరుగు మీదే ఉన్నారు. వాళ్లలో ముఖ్యుడు, ఈశ్వర్‌కి మేనమామ ఎర్రన్న, వల బాగుచేస్తున్నాడు.

"మావా, ఈ కట్టడి ఎవుల కోసం ఏశావు?"

"ఊరి కోసమే గుంటా. నాలుగు డబ్బులు మిగలాల కదా."

"మొగుడెల్లిపోతన్నాడని బెంగ," అన్నాడు పోతురాజు. "పది నెలలే కదమ్మా, ఫోనుంది కదేటి!"

అందరూ నవ్వారు. అనూరాధ ముఖం జేవురించింది.

"బెంగే. నాకు సిగ్గేటి? నువ్వు సెప్పు మావా, ఎవుడికి మిగిలింది? నువ్వు టీ మానేశావు. ఆ పది రూపాయలు మా బావకి రాలేదు. మా బావ తాతమ్మ కాడ కట్టెలు కొనలేదు. తాతమ్మ బాబీ కాడ జాకెట్టు కుట్టించలేదు. బాబీ మీ ఇంటికొచ్చి దాలమ్మత్త కాడ ఎండు నెత్తళ్ల చేపలు కొనలేదు. నీ పది ఎక్కడ మిగిలింది? ఒకడు దాసుకుంటే ఆడికి మిగుల్తాది. ఊరంతా ఒకేపాలి గుప్పిలి మూసేస్తే ఎవుడి గుప్పిట్లోకి ఏటి వస్తాది?"

"కాలేజీ పాఠమేటి?" అన్నాడు పోతురాజు.

"పాఠమే! పరీచ్చ రాసేసి మర్సిపోయాను, మీరే గుర్తుసేశారు. పైదేశపోడు మన రొయ్య కొనకపోతే మనమేటి సెయ్యలేము. మన బజ్జీ మనం తినడానికి కూడా ఆడి పర్మిషను కావాలేటి?"

"ధర లేనప్పుడు బజ్జీలేటే?" అన్నాడు ఎర్రన్న.

"లేనోడిని తినమన్నానా? ఉన్నోడికి జరిమానా ఏల?"

ఎర్రన్న నోరు తెరిచేలోపు అతని పెళ్లాం దాలమ్మ మందిరం పక్కనే ఉన్న తమ ఇంట్లోంచి వచ్చి, బుట్టెడు నెత్తళ్లు అతని ముందు ధనామని దించింది.

"మూడు వారాలు! పురుగు పట్టేస్తన్నాది. నువ్వు తింటావేటి ఇవన్నీ? సముద్రంలోంచి తెస్తేనే రాబడి గానీ, నాను తెచ్చింది నీ కంటికి ఎప్పుడు ఆనింది?"

ఎర్రన్న వల పక్కన పడేశాడు. బుట్ట వైపు చూశాడు, మిగతా పెద్దల వైపు చూశాడు. వాళ్లు సరేనన్నట్టు తలూపారు.

"ఒరే పోతురాజూ," అన్నాడు చివరికి, "డప్పు తే. కట్టడి ఎత్తేశామని సాటు."

డప్పు మోగగానే అనూరాధ ఇంటికి పరుగెత్తింది. ఈశ్వర్ అప్పటికే సంచి భుజాన వేసుకున్నాడు.

"ఇన్నాను," అన్నాడు. "డప్పు కొట్టీసినంత మాత్రాన జనం వచ్చీస్తారేటి అనూ? ఈ మూడు వారాల్లో అందరికీ బయం పట్టుకుంది. సేతిలో ఉన్నోడు కూడా తియ్యడు."

"తియ్యకపోతే రేపు ఎల్లు బావా. ఈ పూట పొయ్యి ఎలిగించు."

అతను గుమ్మంలోనే తటపటాయిస్తూ నిలబడ్డాడు. ఇంతలో బడ్డీ బల్ల మీంచి దాలమ్మ కేక వినబడింది. "ఒరే అల్లుడా! టీ ఎవుడు పెడతాడ్రా, నీ అబ్బా?"

ఆమె పక్కన తాతమ్మ కూర్చుంది. కాసేపటికి బాబీ మెడలో టేపుతోనే వచ్చాడు. ఈశ్వర్ సంచి దించి పొయ్యి వెలిగించాడు. వచ్చినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. అయినా వాళ్లకి అందించేలోపు బండి వేళ దాటిపోయింది.

అనూరాధ మాత్రం అతని వైపు తలెత్తి చూడలేదు. పెద్దలు భయపడి కట్టడి వేశారంటే సరే, తన మొగుడు తనని అడగకుండా ప్రయాణం కట్టాడు! ఇంటికి రానీ, ఆ సంగతి తేలుస్తుంది.