నిండు ఫోను బరువు

గౌలిపురలో త్రాసులు బాగుచేసే కైలాసానికి మాటలు తక్కువ, పంతం ఎక్కువ. భార్య మైథిలి ఆసిఫాబాద్ అవతల గురుకులంలో ఫిజిక్స్ టీచరు. అక్కడ సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాల్సిందే. అందుకే ఆదివారం పన్నెండింటికి ఒక్క ఫోను. "తిన్నవా?" "తిన్న." "పైలం." అంతే! పెట్టేశాక కైలాసానికి తనమీద తనకే ఒళ్లు మండేది.

పోయిన ఆదివారం మాత్రం ఆమే మాట కలిపింది.

"శక్తికి గూడ బరువుంటది, తెలుసా? చార్జింగ్ నిండిన ఫోను ఖాళీ ఫోనుకన్న బరువు. గడియారానికి కీ ఇచ్చినా, ఇస్త్రీపెట్టె కాలినా గంతే."

"ఎంత బరువు?"

"ఉప్పు రవ్వను లక్ష ముక్కలు చెయ్, అండ్ల ఒక్క ముక్కంత. నీ త్రాసుకు దొరకదులే!" అని నవ్వింది.

ముప్ఫై ఏళ్లుగా బంగారం త్రాసులు సరిచేస్తున్న మనిషితోనా ఈ మాట! పైగా తూచి చూస్తే, వచ్చే ఆదివారం చెప్పడానికి తనకూ ఓ సంగతి ఉంటుంది.

ఏదో కాలేజీవాళ్ల త్రాసు, అద్దాల పెట్టెలో ఉండేది, రిపేరుకొచ్చి ఉంది. మిల్లీగ్రాములో పదో వంతునూ పట్టేస్తుంది. శనివారం నిండు ఫోనును ఆపేసి తూచి, అంకె రాసుకున్నాడు. తర్వాత పాటలు పెట్టి పెట్టి ఆదివారం పదింటికి ఖాళీ చేశాడు. వేడి వస్తువును తూస్తే త్రాసు అబద్ధం చెబుతుంది. అందుకని గంటకు పైగా అద్దాల మధ్య చల్లారనిచ్చి, అప్పుడు చూశాడు.

ఆఖరి అంకెదాకా అదే బరువు!

"ఓడగొట్టినవ్ పో!" అని ఒంటరిగా, గట్టిగా నవ్వేశాడు. ఈ లొల్లంతా చెబితే అరగంటైనా మాట్లాడుకోవచ్చు. పన్నెండుకు పది నిమిషాలుండగా చార్జింగ్ పెట్టి ఫోను ఆన్ చేశాడు.

మైథిలి మెసేజ్ ఉంది. పదకొండుంబావుకు పంపింది.

"ఇయ్యాల మస్తుసేపు మాట్లాడుదామని గంట ముందే గుట్టెక్కిన. ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. వానొస్తున్నది, దిగిపోతున్న. నాతోని మాట్లాడుడు ఇష్టం లేకుంటే పాయె, ఇగ ఎక్కుడు మానేస్త."

కైలాసం వెంటనే ఫోను చేశాడు. అందుబాటులో లేరంది. మళ్లీ చేశాడు, మళ్లీ అదే. ఏడుపొచ్చింది. తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు: "చెప్పెటందుకు మస్తున్నది మైథిలీ. ఎక్కుడు మానకు."

ఒక్క టిక్కు పడింది. రెండోది పడాలంటే ఆమె మళ్లీ గుట్టెక్కాలి.