పది నిమిషాల దారి

ఉక్కు ఫ్యాక్టరీ ఇచ్చిన సెక్టర్ ఆరు క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ నరసింగరావు ఏడింటికి లేచి, చద్దన్నం తిని, పది నిమిషాలు సైకిలు తొక్కితే డ్యూటీలో ఉండేవాడు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, దూరంగా దుర్గ్ టౌను అవతల ఇల్లు కట్టాడు. స్థలం చౌకైతే దారి ప్రియమవుతుందని అప్పుడు తట్టలేదు.

కొడుకు రాజాబాబుకి ఆ చివర హథ్‌ఖోజ్‌లో ఒక వర్క్‌షాపులో కాంట్రాక్టరు కింద ఠేకా పని. రెండు ఆటోలు మారి, ఆపైన నడవాలి; రెండు గంటల పైమాటే. ఎనిమిది దాటితే గేటు మూసేస్తారు. ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది, మూడోసారైతే గేటు పాస్ లాక్కుని పనిలోంచి తీసేస్తామన్నారు. ఆ దారిన నరసింగరావు ఒక్కనాడూ పోయి చూడలేదు.

ఆ పొద్దున ఐదింటికి కొడుకు పెట్టుకున్న అలారం మోగితే నరసింగరావే నొక్కి ఆపేశాడు.

“ఎనిమిది డ్యూటీకి ఐదింటికి లెగడమేటే? తొంగోనీ పాపం,” అన్నాడు భార్య జోగమ్మతో. ఏడింటికి ప్రేమగా తట్టి లేపాడు.

పదకొండింటికి రాజాబాబు తిరిగొచ్చాడు. మెడలో పాస్ లేదు.

“నేను ఏడింటికే లెగిసీవోణ్ణి కదరా,” అన్నాడు తండ్రి.

“నీ పది నిమిషాల దారి క్వార్టర్ తాళాలతో పాటే అప్పజెప్పీసినావు నాన్నా. నాకేటి మిగిల్చినావు?”

మర్నాడు ఐదింటికి అలారం మళ్లీ మోగింది. నరసింగరావు మేలుకునే ఉన్నాడు. నొక్కడానికి చెయ్యి రాక, అదే ఆగేదాకా వింటూ పడుకున్నాడు.