అతికించిన ముక్క

కోపం మీదున్నప్పుడు యంత్రం ముట్టుకోకూడదు. అందుకే స్విచ్చు ఆపేసి తమ్ముడికి ఫోన్ చేశాను, ఉన్నపళంగా ల్యాబుకు రమ్మని.

కాంక్రీటును తొలిచి గుండ్రటి ముక్క బయటికి తీసే మెషిన్ వాడిది. ఆసుపత్రి పాత కప్పు మీద కొత్త కాంక్రీటు పొర పోశారు. మర్నాడు దాని మీదికి నీళ్ల ట్యాంకు ఎక్కించాలి. కింద పిల్లల వార్డు. రెండు పొరలూ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే కలిసి బరువు మోస్తాయి. ఆ పట్టు ఎంతో తేల్చడం నా పని. ఆ కప్పులోంచి తమ్ముడు తీసి పంపిన ముక్కలో పాత సగాన్ని బిగించి, కొత్త సగాన్ని అతుకు వెంబడి పక్కకు నెట్టి, ఎంత బలానికి ఊడుతుందో చూస్తాను.

బిగించే ముందు అలవాటుగా ముక్కను తడిపాను. కాంక్రీటంతా నీళ్లు పీల్చి నల్లబడింది. అతుకు దగ్గర మాత్రం సన్నటి గీత ఒకటి తడి అంటకుండా మెరిసింది. జిగురు.

తమ్ముడు రాగానే ముక్క వాడి ముందు పెట్టాను.

"ఏంట్రా ఇది?"

"తీస్తుంటేనే రెండుగా విడిపోయిందక్కా. కాంట్రాక్టర్ అతికించి పంపమన్నాడు." నేల చూపులు చూశాడు. "ల్యాబులో ఉండేది మా అక్కే, ఏం కాదులెండి అని నేనే అన్నాను."

ఒళ్లు మండిపోయింది. జిగురు కన్నా ఆ మాటకే ఎక్కువ మండింది. వీడు తాకట్టు పెట్టింది నన్ను.

"మెషిన్ బండిలో వెయ్యి. పద."

కప్పు మీద నేను చూపించిన చోటల్లా తొలిపించాను. ఎక్కడ తీసినా కొత్త పొర గిన్నె మీది మూతలా ఊడొచ్చింది. అడుగున దుమ్ము దుమ్ములాగే ఉంది. చీపురైనా వెయ్యకుండా పోసేశారు వెధవలు.

కాంట్రాక్టర్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. నా మొహం చూడకుండా తమ్ముడి భుజం మీద చెయ్యేశాడు.

"ఇంకాస్త జిగురు పూసి ఇవ్వవయ్యా. మీ అక్కకి నువ్వు నచ్చజెప్పుకో."

తమ్ముడు ఆ చెయ్యి తీసేశాడు. విడిపోయిన రెండు సగాలూ తీసుకెళ్లి ఆయన చేతుల్లో పెట్టాడు.

"కింద పిల్లలున్నారండీ. వాళ్ల ముందు కూర్చుని మీరే అతికించండి."

ట్యాంకు ఎక్కించొద్దని ఆసుపత్రి వాళ్లకు అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"కోపం పోయిందా అక్కా?" అన్నాడు తమ్ముడు, మెట్లు దిగుతూ.

"పోలేదు. ఇంకోసారి నన్ను చూపించి ఎవడికైనా మాటిచ్చావంటే కాళ్లు విరగ్గొడతా."

వాడు నవ్వబోయాడు. ఇంతలో పిల్లల వార్డు తలుపు వచ్చింది. అది దాటేదాకా వాడు తల ఎత్తలేదు.