నా కారుకి ఒరెస్ట్ పెట్టిన హీటర్

మా ఆయన ఒరెస్ట్‌కి రాని పని లేదు. ఆ మాట ఆయనే చెబుతాడు.

శనివారం పొద్దున పక్క ఊళ్ళో మా ఆడవాళ్ళ కర్లింగ్ ఫైనల్, అదే, మంచు మీద రాళ్ళు జారించే ఆట. కెప్టెన్ని నేనే. ఇన్నేళ్ళకి ఫైనల్ దాకా వచ్చాం. ఆ పొద్దుటికి చలి మైనస్ నలభైకి దిగుతుందని రేడియోలో చెప్పారు. రాత్రంతా హీటర్ పెట్టి ఇంజన్ని వెచ్చగా ఉంచకపోతే అలాంటి చలిలో ఏ బండీ కదలదు. ఒరెస్ట్ ట్రక్కుకి ఉంది గానీ, నా కారుకి ఆ హీటరే లేదు.

"స్టెఫానిక్ షెడ్డుకి తీసుకెళ్ళి పెట్టించుకుంటా," అన్నాను.

"ఈ మాత్రం దానికి మెకానిక్కా? నేను బతికే ఉన్నాగా," అన్నాడు ఒరెస్ట్.

శుక్రవారం గ్యారేజీలో పని మొదలైంది. పక్కింటి మెట్రో, ఎదురింటి లైల్ కాఫీ కప్పులతో సహా దిగారు. మా ఊళ్ళో ఒక మగాడు బానెట్ ఎత్తితే మిగతావాళ్ళని పిలవక్కర్లేదు. ఒరెస్ట్ ఇంజన్లో తిరిగే కూలెంట్ నీళ్ళన్నీ దించేశాడు, సగం బకెట్లోకి, సగం తన చొక్కా మీదకి. ఇంజను పక్కనున్న బిళ్ళ ఊడగొట్టి, ఆ కంతలో హీటర్ బిగించాడు. హీటర్‌తో వచ్చిన కాగితం మీద లైల్ కప్పు పెట్టుకున్నాడు.

"పనిచేస్తుందో లేదో ఒకసారి చూడరా," అన్నాడు మెట్రో.

ప్లగ్ పెట్టి ముగ్గురూ ఇంజను దగ్గర చెవులు పెట్టారు.

"చప్పుడేం లేదే."

"ఉంచు, ఇంకాసేపు ఉంచు. వేడెక్కొద్దూ?"

మాడు వాసన వంటింటి దాకా వచ్చింది. ఏమిటని వెళ్ళి అడిగాను.

"కొత్తదమ్మా. మొదట్లో అలాగే ఉంటుంది," అన్నాడు లైల్. ఆ తర్వాత తీరిగ్గా కూలెంట్ పోశారు.

రాత్రంతా ప్లగ్ పెట్టే ఉంచినా, పొద్దున తాళం తిప్పితే నా కారు ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. నాకు ఏడుపొచ్చింది. నేను వేళకి చేరకపోతే మా జట్టు ఆడకుండానే ఓడినట్టు. ముగ్గురూ మళ్ళీ బానెట్ ఎత్తారు. బ్యాటరీ అన్నాడొకడు, ఆయిల్ అన్నాడొకడు. హీటర్ ఊసు ఎవరూ ఎత్తలేదు.

నేను గ్యారేజీలోకి వెళ్ళి ఆ కాగితం తెచ్చాను. కప్పు మరక మధ్యలో పెద్ద అక్షరాలతో ఉంది. పైకే చదివాను: "కూలెంట్ నింపకుండా ప్లగ్ పెట్టరాదు. హీటర్ కాలిపోవును."

ముగ్గురూ బూట్లు చూసుకున్నారు.

"మరి నీ ట్రక్కు హీటర్ ఇన్నేళ్ళుగా ఎలా పనిచేస్తోంది?" అని ఒరెస్ట్‌ని అడిగాను.

మెట్రో నోట్లో నువ్వుగింజ నానదు.

"దానికి స్టెఫానిక్ పెట్టాడుగా," అన్నాడు.

ఒళ్ళు మండింది. చెయ్యి చాపాను. ఆ ట్రక్కుని ఒరెస్ట్ నన్ను తుడవనిస్తాడు గానీ తోలనివ్వడు. ఆ పొద్దున మాత్రం తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు. ట్రక్కు హీటర్ వైరు గోడ నుంచి తీసి, ఎక్కి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే స్టార్టయింది.

"మరి నేను ఆట చూడ్డానికి ఎలా రావాలి?" అన్నాడు.

"నా కారుందిగా. హీటర్ నువ్వేగా పెట్టావు," అని గేరు వేశాను.