ఊరూరి కూతగాడు

పెళ్లాం మారక్క బోరింగు దగ్గర నీళ్లకు నిలబడిన సమయం చూసుకొని ఆంజప్ప తలుపు దగ్గరగా వేశాడు. పాత పంచె చింపిన పొడుగాటి గుడ్డ ఒక కొసను కిటికీ చువ్వకు ముడివేసి, రెండో కొస పొట్టకు ఆనించి పట్టుకొని, తానే గిర్రున తిరుగుతూ కిటికీ దాకా వచ్చాడు. అలా తిరిగితే గుడ్డ ఒంటికి బిగుసుకుంటుంది, ఇంకో మనిషి సాయం అక్కరలేదు. చివరి చుట్టుకు ఎడమ పక్కటెముకల కింద ఎవరో వేలు పెట్టి కెలికినట్టయింది. పళ్లు కరుచుకొని నిలబడి, నొప్పి తగ్గాక చొక్కా తొడుక్కున్నాడు.

పొట్టి మెడ, దుంగల్లాంటి పిక్కలు, నలిగి ముడుచుకుపోయిన చెవులు, వంకరగా అతుక్కున్న కుడి బొటనవేలు. మోకాళ్ల మీద ఊరికొక మచ్చ ఉంది. ఏ మచ్చ ఏ ఊరిదో అడిగితే చెప్పేవాడు. గుడ్డ కింద దాచింది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అది పోయిన నెల బాగలూరు పోటీల్లో ఎదుటివాడి మోకాలు తగిలిన దెబ్బ. ఆ పూటకు ఊపిరి ఆడలేదు. తర్వాత తగ్గినట్టే తగ్గి, పడుకున్నప్పుడు ఎడమ భుజంలోకి పాకడం మొదలుపెట్టింది. దెబ్బ ఒకచోటైతే నొప్పి ఇంకోచోట ఎందుకో అతనికి అంతుపట్టలేదు. అంతుపట్టనిదాన్ని గుడ్డ చుట్టి పెట్టాడు.

ఆంజప్ప కబడ్డీలో కూతగాడు. ఎదుటి జట్టులోకి ఒంటరిగా దూరి, కూత ఆపకుండా ఎవరినో ఒకరిని తాకి, ఊపిరి తెగేలోగా గీత దాటి తిరిగి రావాలి. కెలమంగలంలో గొర్రెలు కాసే ఇంట పుట్టి, మీసాలు రాకముందు నుంచీ అతను చేస్తున్న పని ఇదే. పోటీ పెట్టిన ఊరు బయటినుంచి ఒక మంచి కూతగాణ్ని పిలిపించుకోవడం ఆ సీమలో వాడుక. అలా అంచెట్టి నుంచి కోలారు దాకా, ధర్మపురి నుంచి సేలం మిల్లుల దాకా అతను తొడగని బనీను లేదు. ఈ ఆదివారం బాగలూరు తరఫున కెలమంగలాన్ని ఓడించినవాడే వచ్చే ఆదివారం కెలమంగలం బనీను వేసుకొని బాగలూరు మీదికి దూకేవాడు. 'ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి' అని టీ అంగడి దగ్గర ఎగతాళి చేసేవాళ్లు.

"గొడుగు ఎవురిదో గానీ ఎండ మాత్రం నాదేనప్పా" అని నవ్వేవాడు ఆంజప్ప.

ఇన్నేళ్ల ఆటకు అతనికి మిగిలింది తిన్న భోజనాలు, మారక్కకు తెచ్చిన బహుమతి చీరలు. ప్రతి ఊరివాళ్లూ పది రోజులు దేవుడిలా చూసుకొని, పదకొండో రోజు పేరు మరిచిపోయేవాళ్లు. రెండేళ్ల కిందట హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఒక కంపెనీ తమ జట్టు కోసం అతన్ని టెంపరరీగా తీసుకుంది. జట్టును చూసుకునే ఆఫీసరు ప్రసాదు నెల్లూరు వైపు నుంచి వచ్చినవాడు, మాటమీద నిలబడే మనిషి. "కృష్ణగిరి కప్పు తీసుకురావయ్యా, పర్మనెంటు చేయించే పూచీ నాది. ఆ తర్వాత డాక్టరు పరీక్ష ఒక్కటే మిగులుతుంది" అన్నాడు. ఆ డాక్టరు మాట వినబట్టే ఆంజప్ప ఆసుపత్రి గడప తొక్కలేదు. కప్పు గెలవాలి, పరీక్ష నాటికి నొప్పి మానాలి. అంతకుమించి అతను దేవుణ్ని ఏమీ అడగలేదు.

మారక్క బిందె దించి, వేసి ఉన్న తలుపును తోసింది.

"పొద్దన్నే తలుపేల ఏసుకున్నావు?"

"గాలి కొడతా ఉంది."

"ఆకు గూడా కదల్లేదు. గాలి యాడ కొట్టింది?"

అతను సంగటి ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు మింగి గిన్నె నెట్టేశాడు. పెళ్లైనప్పటి నుంచి అతను సంగటి మిగల్చడం మారక్క చూడలేదు.

"ఇయ్యాల ఒక్క దినం పోకుంటే ఏమి?"

"ఇయ్యాల ఒక్క దినం పోతే చాలు మారీ. ఇంక ఊరూరు తిరిగే పని లేదు."

కంపెనీ లారీలో జట్టంతా పాటలు పాడుకుంటూ బయలుదేరింది. శూలగిరి కొండ దాటాక చైత్రమాసపు ఎండ ఇనుప బాడీని కాల్చేస్తుంటే కుర్రాళ్లు చొక్కాలు విప్పేశారు. ఆంజప్ప ఒక్కడే గుండీలు పైదాకా పెట్టుకున్నాడు. అతనికి చెమటలు పడుతున్నాయి, అవి చల్లగా ఉన్నాయి. కొత్తగా చేరిన ఒకడు "అన్నకు భయమేసినట్టుంది" అని పరాచికమాడాడు. ఆంజప్ప కూడా వాళ్లతో పాటు నవ్వాడు. నవ్వితే భుజంలో పోటు వచ్చింది.

కృష్ణగిరి కొండ కింద మైదానంలో అప్పటికే జనం కిక్కిరిశారు. ఫైనలులో కృష్ణగిరి జట్టుకు, కూతకు వచ్చినవాణ్ని పట్టి ఆపే పట్టుగాడు వీరాస్వామి. పోయిన నెల బాగలూరులో ఆంజప్పతో కలిసి ఒకే జట్టుకు ఆడినవాడు, ఆ దెబ్బ తగిలిన సాయంత్రం వెచ్చని ఆముదం రాసినవాడు. అన్ని ఊళ్లకూ ఆడినవాడికి అన్ని జట్లలోనూ స్నేహితులుంటారు. అతని ఒంట్లో ఎక్కడ నొప్పి ఉందో ఎదుటి జట్టుకు తెలియడానికి అలాంటివాడు ఒక్కడు చాలు.

వీరాస్వామి నీళ్ల తొట్టి దగ్గరికి వచ్చి, ఆంజప్ప ఎడమ చెయ్యి ఒంటికి అదుముకొని ఉండడం చూశాడు.

"అన్నా, ఆ పక్క ఇంకా మానలేదా?"

"మానింది."

"నాతో అబద్దమేల? ఇయ్యాల ఆడొద్దన్నా."

"ఇయ్యాల ఆడకుంటే ఇన్నేండ్లు ఆడింది ఏట్లో పోసినట్టేనప్పా."

వీరాస్వామి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ పక్క జోలికి పోవద్దని మావోళ్లకు చెప్పినాననుకో, ఆ పక్కకే దూరుతారు. చెప్పకపోతే తెలీక దూరుతారు. నన్నేం జేయమంటావు?"

"నీ ఆట నువ్వాడు" అన్నాడు ఆంజప్ప. ఆ మాట నిజంగానే అన్నాడు. జాలిపడి వదిలేసిన ఆటతో వచ్చే ఉద్యోగం అతనికి అక్కరలేదు. అయినా వీరాస్వామి తలదించుకొని వెళ్లిపోతుంటే, ఆంజప్పకు ఆ రోజు మొదటిసారి నిజంగా భయం వేసింది.

ఆట సాగినంత సేపూ వీరాస్వామి అతని ఎడమ వైపు నిలబడ్డాడు గానీ మీదికి రాలేదు. చివరికి రెండు జట్లూ సమానమయ్యాయి. ఆఖరి కూత ఆంజప్పది. గీత దగ్గర వంగి మట్టి ముట్టి, గాలి పీల్చుకోబోతే సగం దాకానే వచ్చింది. ఆ సగం ఊపిరితోనే లోపలికి దూరాడు. ఎదుటివాళ్లు మెల్లగా చుట్టుముట్టారు. ఒక కుర్రాడి చేతిని తాకి వెనక్కి తిరిగేసరికి వీరాస్వామి అడ్డంగా ఉన్నాడు, చేతులకు అందేంత దూరంలో ఆంజప్ప నడుము. వీరాస్వామి నడుము పట్టలేదు. కిందికి దూకి చీలమండ పట్టుకున్నాడు.

ఆంజప్ప బోర్లా పడ్డాడు. అదే అదనుగా ఇద్దరు కుర్రాళ్లు మీదికి దూకారు. ఒకడి మోకాలు తిన్నగా గుడ్డ చుట్టిన చోట దిగింది. లోపల ఏదో తెగినట్టయింది. కూత సన్నబడింది, తెగలేదు. దోమ పాటలా సాగుతున్న ఆ కూతతోనే మట్టిలో ఈడ్చుకుంటూ చెయ్యి చాపాడు. వేళ్లు గీత దాటాయి, ఈల మోగింది.

మైదానం హోరెత్తిపోయింది. మట్టిలో పడుకొని ఉండగానే ఆంజప్పకు అంతా అర్థమైంది. వీరాస్వామి నడుమే పట్టి ఉంటే, తాను ఒక్కడి చేతుల్లోనే ఆగిపోయేవాడు. ఆ కుర్రాళ్లు మీద పడేవాళ్లు కాదు, పర్మనెంటు ఆర్డరూ వచ్చేది కాదు. అవతల "నడుమేల పట్టలేదురా?" అని వీరాస్వామిని తిడుతున్నారు. వాడు ఆంజప్ప వైపే చూస్తున్నాడు.

మేటి కూతగాడికి బహుమతి ఒక ఎవర్‌సిల్వర్ స్టీలు బిందె. పేర్లు చెక్కడానికి పందిట్లో ఒక ముసలాయన చిన్న సుత్తితో కూర్చున్నాడు. ఆంజప్ప పేరు టకటకా కొట్టి తలెత్తాడు.

"కింద ఏ ఊరని కొట్టేదప్పా? పోయిన తూరి ధర్మపురి అంటివే."

"ఊరొద్దు. కంపెనీ పేరు కొట్టించుకుంటా, ఆర్డరు రానీ. జాగా ఇడిచిపెట్టు."

లారీ దగ్గర వీరాస్వామి ఎదురుచూస్తున్నాడు. ఆంజప్ప పెదవులు తెల్లబారడం చూసి చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దాసుపత్రికి పోదాం రాన్నా. నీ కాళ్లు మొక్కుతా."

"ఆడ చూపిస్తే కంపెనీ డాక్టరుకు తెలీకుండా పోదు. ఒక వారం ఓర్చుకుంటే అయిపోతుంది." మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "నువ్వు మంచోడివప్పా, మంచి పట్టుగాడివి మాత్రం కాదు" అని నవ్వాడు. వీరాస్వామికి ఏడుపొచ్చింది.

లారీ కదిలింది. ఆంజప్ప బిందె ఒళ్లో పెట్టుకొని ముందు భాగానికి వీపు ఆనించి కూర్చున్నాడు. నీళ్లడిగి తాగాడు, మళ్లీ అడిగాడు. చలిగా ఉందంటే ఎవరో తువ్వాలు కప్పారు. ఎండ ఇంకా దిగలేదు. ఒక ఊరివాణ్నవుతున్నానని అతనికి సంతోషంగా ఉంది. అందరూ కప్పు ఎత్తిపట్టుకొని పాడుతుంటే, ఆ పాట దూరంగా కొండ మీది గొర్రెల కాపరి పిలుపులా వినిపించింది. కళ్లు మూసుకున్నాడు.

శూలగిరిలో టీకి ఆగారు. ప్రసాదు గ్లాసు పట్టుకొని తానే లారీ వెనక్కి వచ్చాడు. "పడుకోనివ్వండయ్యా, పాపం ప్రాణం పెట్టి ఆడాడు" అని గ్లాసు పక్కన పెట్టాడు. కుర్రాళ్లు నిద్ర చెడకూడదని పాట తగ్గించారు. పాపం, ఎవరూ చెడ్డవాళ్లు కాదు. హోసూరులో ఇంటి ముందు లారీ ఆపి "అన్నా, ఇల్లొచ్చె" అని భుజం తట్టేదాకా ఎవరికీ తెలియలేదు. టీ మీద మీగడ కట్టి అలాగే ఉంది.

మరునాడు అన్ని ఊళ్లవాళ్లూ వచ్చారు. బాగలూరువాళ్లు, కెలమంగలంవాళ్లు, కోలారు నుంచి కూడా కొందరు వచ్చి, పాడె మోయడానికి ఒకరినొకరు నెట్టుకున్నారు. అందరూ 'మా ఆటగాడు' అనే అన్నారు. వీరాస్వామి మాత్రం దూరంగా, గోడవారగా కూర్చున్నాడు. ప్రసాదు ఆర్డరు విషయం ఎత్తబోయి, మారక్క ముఖం చూసి ఊరుకున్నాడు. బతికుండగా రాని ఆర్డరు చచ్చినవాడికి రాదని ఆయనకు తెలుసు.

మారక్క ఆ బిందెను నీళ్లకు ఎత్తలేదు. గూట్లో, పేరు గోడవైపుకు కాకుండా ఇవతలికి కనిపించేలా పెట్టింది. పేరు కింద ముసలాయన వదిలిన జాగా గీత పడకుండా నున్నగా మెరుస్తోంది.