మీద పడిన బీరువా

గిన్నె మీద మూత చప్పుడు కాకుండా పెట్టడం ఆమెకు పదహారేళ్ల కాపురం నేర్పిన విద్య. ఇంట్లో అలా పిల్లిలా మసిలే మనిషి, ఆస్పత్రి రికార్డుల గదిలో అడుగు పెట్టిందంటే గొంతు వరండా చివరిదాకా వినపడేది. ఫైలు పట్టుకెళ్లి తిరిగివ్వని డాక్టర్లను కూడా నిలబెట్టి కడిగేసేది. అందరూ 'హెడ్మాస్టరమ్మ' అనేవారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల మహా ముద్దు.

సోమవారం మధ్యాహ్నం ఆ పేరు కాస్తా గంగలో కలిసింది. పై అరలోంచి ఫైళ్ల కట్ట ఒకటి ఆమె వెనకాల దబ్బున పడింది. ఇంకెవరైనా అయితే ఉలిక్కిపడతారు, విసుక్కుంటారు, ఏరుకుంటారు. ఆమె రెండు చేతులూ తల మీద కప్పుకుని బల్ల కింద ముడుచుకుపోయి, "తప్పయిపోయిందండీ, ఇంకెప్పుడూ చెయ్యనండీ" అని ఏడ్చింది. కళ్లు తెరిచేసరికి గుమ్మంలో ముగ్గురు నర్సులు, మొన్ననే ఆమె చేత చివాట్లు తిన్న డాక్టరు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నలుగురిలో ఒంటి మీద బట్ట జారిపోయినంత సిగ్గేసింది.

మర్నాడు సిబ్బంది కోసం కొత్తగా వేసిన కౌన్సెలరమ్మ పిలిచింది.

"చెప్పాలనిపిస్తేనే చెప్పండి. ముందు మీకు ఏ కుర్చీ బాగుంటుందో చూసుకుని కూర్చోండి."

తనకేది బాగుంటుందని ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో. గోడకు వీపు ఆనే కుర్చీ, తలుపు కనపడేది, వెతుక్కుంది.

"చిన్నప్పుడు బీరువా మీద పడిందండీ." నోటికొచ్చిన అబద్ధం.

"అయ్యో. ఆ బీరువా ఇప్పుడెక్కడుంది?"

"ఇంట్లోనే ఉందండీ. ఆరేళ్లుగా బాగానే ఉంది, ఎవరి మీదా పడట్లేదు."

అనేసి నాలుక కరుచుకుంది. కౌన్సెలరమ్మ గుచ్చి గుచ్చి అడగలేదు. రికార్డుల గదిలో ఆమె బల్లను గుమ్మం వైపు తిప్పిస్తానంది, లోపలికొచ్చేవాళ్లను ముందు పిలిచి రమ్మంటానంది, "మీకు సరేనా?" అని మళ్లీ అడిగింది.

సాయంత్రం ఇంటికెళ్లి ఫైళ్లు పడిన సంగతీ, తను బల్ల కింద దూరిన సంగతీ చెప్పింది. భర్త టీవీ మీంచి కళ్లు తిప్పలేదు.

"చెయ్యెత్తి ఆరేళ్లయింది. నేను మానేశాను కదా, నువ్వూ మానెయ్."

"వాడు బంగారంలా మారాడు," అత్తగారు అందుకుంది. "నలుగురిలో ఆ వేషాలేమిటమ్మా? వాడి పరువేం కాను?"

నిజమే, మానేశాడు. అది ఆయన గొప్పతనమనీ, ఇంకా అదిరిపడే తన ఒంటికే విశ్వాసం లేదనీ ఇన్నేళ్లూ తలదించుకుంది. వంటింట్లోకి వెళ్లి కూర మీద మూత పెట్టింది. ఈసారీ చప్పుడు కాలేదు. తన చేతిని తానే చూసుకుంటూ నిలబడిపోయింది. ఆయన పరువు సరే, బల్ల కింద దాక్కున్నది ఎవరి పరువు?

పొద్దున్నే కౌన్సెలరమ్మ గది తలుపు తట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టింది. చెవులు వేడెక్కిపోతున్నా తల మాత్రం దించలేదు.

"నిన్న బీరువా అన్నాను కదండీ. అది మా ఆయన."