శ్రావణం దాకా ఆగిన దోమతెర

నేను ఒక దోమతెరను. తమిళనాడులోని కరూరులో పుట్టాను. వాలిన దోమను చంపే మందు నా దారాల్లోనే ఉంది. నాతోపాటు పుట్టినవాళ్లు కొందరు ఆఫ్రికాకు ఓడెక్కారు. నేను లారీ ఎక్కి, అనకాపల్లిలో గ్రంధి విశ్వేశ్వరరావుగారి గోడౌన్లో దిగాను.

ఆయన బట్టల వ్యాపారి. మన్యంలో మలేరియాతో మనుషులు పోతున్నారని పేపర్లో చదివి, ఆ పూట అన్నం సయించక, మమ్మల్ని మూడు వందలమందిని తెప్పించారు. అలాంటి మనిషిని తిట్టడానికి నాకు నోరు రాదు.

మర్నాడే కొండమీది ఊరి నుంచి ఆశా కార్యకర్త కొర్రా లచ్చమ్మ వచ్చింది. రెండు బస్సులు మారి, వానలో తడిసి ముద్దై.

"పేర్లు రాసుకొచ్చాను బాబూ. ఇచ్చేస్తే జీపు మాట్లాడుకుని వేసుకుపోతాను."

"ఆషాఢంలో మంచిపని మొదలుపెడతామా తల్లీ? శ్రావణం మొదటి శుక్రవారం మేమే వస్తాం. భోజనాలు కూడా పెడతాం."

"దోమలు పంచాంగం చూడవు కదా బాబూ."

ఆయన నవ్వారు. గుమాస్తా ఇంకా ఎక్కువ నవ్వాడు. లచ్చమ్మ నవ్వలేదు.

"పోనీ ఒక్కటివ్వండి. మా చెల్లి బుద్రికి ఏడో నెల. ఇప్పటికే ఒకసారి జ్వరం తగిలింది."

"ఒకటి తీయాలన్నా కట్ట విప్పాలి. విప్పితే మొదలుపెట్టినట్టే కదమ్మా. కడుపుతో ఉన్న పిల్ల, ఆమె మంచికే చెబుతున్నా."

టీ ఇప్పించి పంపారు. కట్టలో అన్నిటికన్నా పైన ఉన్నది నేనే. పంతొమ్మిది రోజులు మడత విప్పకుండా పడుకున్నాను. రేకుల మీద వాన మోగినప్పుడల్లా, కొండల్లో ఇంకెంత కురుస్తోందో అనుకునేదాన్ని.

శ్రావణ శుక్రవారం వచ్చింది. కొండమీది ఊళ్లో షామియానా, పులిహోర, మైకు. గర్భిణులకే ముందు ఇవ్వాలని విశ్వేశ్వరరావుగారే పట్టుబట్టారు. కొబ్బరికాయ కొట్టి, నన్ను చేతిలోకి తీసుకుని, లచ్చమ్మ అప్పుడు రాసిచ్చిన పేర్లలో మొదటిది చదివారు.

"పంగి బుద్రి."

ఎవరూ లేవలేదు. మళ్లీ చదివారు. లచ్చమ్మ వచ్చి చేతులు చాచింది.

"చెల్లి రాలేదా అమ్మా?"

"మళ్లీ జ్వరం తగిలి సోమవారం పోయింది బాబూ. బిడ్డా దక్కలేదు."

మైకు ఆ మాటను ఊరంతటికీ వినిపించింది.

"ఇలా ఇవ్వండి. పక్కింటి జమునకి ఆరో నెల, దానికి కడతాను. మిగతావి త్వరగా పంచేయండి, దూరం ఊళ్లవాళ్లు ఎదురుచూస్తున్నారు."

సొంత కూతురికి జ్వరమొస్తే ఆయన తిథి చూసేవారు కాదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఆస్పత్రికి పరిగెత్తేవారు. కొండమీద ఉన్నది పరాయి పిల్ల. అందుకే ఆయనకు మంచిరోజు గుర్తొచ్చింది.

ఇప్పుడు జమున మంచం మీద వేలాడుతున్నాను. నాలుగు మేకులు, నాలుగు తాళ్లు. నన్ను కట్టడానికి లచ్చమ్మకు పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.